ఖులా తీసుకున్న భర్తతోనే మళ్ళీ నిఖా చేసుకోవచ్చా? ఇంట్లో ఎవరూ ఒప్పుకోవట్లేదు

సాగరతీరం

అస్సలాము అలైకుమ్. మాది వైజాగ్, అక్కయ్యపాలెం వైపు. నాకు 33 ఏళ్ళు, ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని, 7 ఏళ్ళ పాప ఉంది. నాలుగేళ్ళ కిందట భర్త దగ్గర ఖులా, అంటే భార్య తానే అడిగి తీసుకునే విడాకులు, తీసుకున్నాను. ఇప్పుడు అదే మనిషి మళ్ళీ నిఖా చేసుకుందామని అడుగుతున్నారు. నాకూ ఇష్టమే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇంట్లో అందరూ నన్ను ఎవరో మందు పెట్టి లొంగదీసుకున్నట్టు మాట్లాడుతున్నారు.

కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. పెళ్ళయ్యాక వన్‌టౌన్‌లో వాళ్ళింట్లో ఉండేవాళ్ళం. ఆయన ఏసీ మెకానిక్, పని బాగా వచ్చు. నేను కడుపుతో ఉండగా దమ్మామ్ వెళ్ళారు. కొట్టడం, తిట్టడం, తాగడం, అలాంటివేవీ లేవు, ఆ విషయంలో అబద్ధం చెప్పను. కానీ డబ్బు నెలనెలా వాళ్ళ అమ్మ ఖాతాలో పడేది, పాప డైపర్లకి కూడా నేను అత్తని చెయ్యి చాచి అడగాలి. ఉద్యోగం మానెయ్యమని రోజూ గొడవ. ఫోన్ చేసి చెప్పుకుంటే "అమ్మీతో కొంచెం సర్దుకో" అనేవారు, ఎప్పుడు చేసినా అదే మాట. పాపకి న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో పెడితే సెలవు దొరకలేదన్నారు, నమ్మాను. రెండు నెలలు తిరక్కుండా తమ్ముడి పెళ్ళికి సెలవు దొరికింది. ఆ రోజే నాకు మనసు విరిగిపోయింది. మా భాయ్ వచ్చి సామాను ఆటోలో వేసుకుని నన్ను, పాపని ఇంటికి తీసుకొచ్చాడు. తరువాత పెద్దలు కూర్చున్నారు, నేను మెహర్ (నిఖాలో భర్త భార్యకి ఇస్తానని ఒప్పుకునే సొమ్ము) వదులుకున్నాను, ఆయన ఒప్పుకున్నారు, కాగితం రాశారు, అయిపోయింది.

రెండేళ్ళ కిందట ఆయన గల్ఫ్ నుంచి వచ్చేసి ఆటోనగర్ దగ్గర సొంతంగా చిన్న షాపు పెట్టుకున్నారు. పెళ్ళి చేసుకోలేదు. ప్రతి ఆదివారం వచ్చి పాపని తీసుకెళ్తారు. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ పాపకి ఎంత ఇష్టమంటే లోపల నావికులు పడుకునే బెర్తులు ఎక్కడెక్కడున్నాయో మొత్తం చెప్పేస్తుంది. మొదట్లో నేను గేటు దగ్గర పాపని అప్పజెప్పి వెంటనే లోపలికి వచ్చేసేదాన్ని. తరువాత తరువాత రెండు మాటలు మాట్లాడుకోవడం మొదలైంది, పాప స్కూలు గురించి, పాప దగ్గు గురించి, అంతే. ఒకరోజు పాపతో నాకు ముంత మసాలా పొట్లం పంపారు, నిమ్మకాయ పిండకుండా. నాకు పులుపు పడదని గుర్తుపెట్టుకున్నారు. చిన్న విషయమే, కానీ కాపురం చేసిన రోజుల్లో కూడా నాకు ఏది పడుతుందో ఏది పడదో ఎవరూ అడగలేదు.

పోయిన ఏడాది అబ్బాకి గుండె ఆపరేషన్ అయింది. భాయ్‌కి నైట్ డ్యూటీ ఉన్న రోజుల్లో మగవాళ్ళ వార్డులో అబ్బా పక్కన ఈయన కూర్చున్నారు. ఎవరూ రమ్మనలేదు. అబ్బా ఇంటికి వచ్చాక మళ్ళీ గేటు దాకానే, లోపలికి రాలేదు, ఆ సాయం గుర్తు చేసి ఏమీ అడగలేదు. రంజాన్ అయిపోయిన తరువాత మాత్రం ఒక ఆదివారం నాతో నేరుగా చెప్పారు. "నీకు ఇష్టమైతే మా ఖాలాని మీ ఇంటికి పంపిస్తాను. ఇష్టం లేకపోతే పాప కోసం ఇలాగే వస్తాను, అందులో ఏ మార్పూ ఉండదు. అప్పుడు నువ్వు ఫోన్‌లో ఏడుస్తుంటే నేను మా అమ్మ వైపే విన్నాను." నేను ఏమీ చెప్పలేదు. కానీ ఆ వారం మొత్తం ల్యాబ్‌లో శాంపిల్స్ మీద లేబుల్స్ రెండేసి సార్లు చూసుకోవాల్సి వచ్చింది, బుర్ర అక్కడ లేదు. ఆదివారం వస్తోందంటే ఏ దుపట్టా వేసుకోవాలా అని ఆలోచిస్తున్నాను, ఈ వయసులో.

ఇంట్లో చెప్పాక భాయ్ అన్నం కంచం వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. "ఏ గడప దిగి వచ్చావో ఆ గడపే మళ్ళీ ఎక్కుతావా" అన్నాడు. అమ్మీ బంధువులేమంటారో అని ఏడుపు. అబ్బా ఏమీ అనడం లేదు. పక్కింటి ఆవిడ ఏమందంటే, ఒకసారి తెగిన మొగుడి దగ్గరికి వెళ్ళాలంటే మధ్యలో ఇంకొకడితో నిఖా అయ్యి, వాడు వదిలేశాకే కుదురుతుందని, హలాలా అంటారు కదా, అది. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సహించట్లేదు. అది నిజమేనా? నిజం కాకపోతే మిగిలింది నా నిర్ణయమే. అందులో కూడా తెలిసినవాళ్ళు ఎవరైనా మాట సాయం చెయ్యండి.

పూర్ణామార్కెట్_భాయ్

వ అలైకుమ్ అస్సలామ్ చెల్లీ. ముందు కడుపు నిండా అన్నం తినండి. మీరు చెప్పినట్టు జరిగినది ఖులాయే అయితే హలాలా మాటే ఇక్కడ రాదు.

నేను ఫత్వా ఇచ్చే ముఫ్తీని కాను, మదర్సాలో కొన్నేళ్ళు చదువుకుని ఇప్పుడు దుకాణం చూసుకుంటున్నవాణ్ణి. కానీ ఇది ఉలమాలు, అంటే మత పండితులు, అందరూ చెప్పే విషయమే. మన వైపు ఎక్కువమందిమి హనఫీలం, అంటే ఇమామ్ అబూ హనీఫా పద్ధతి పాటించేవాళ్ళం. హనఫీ ఫిఖ్‌లో (ధర్మశాస్త్రంలో) ఖులా అంటే ఒక తలాక్-ఎ-బాయిన్ కింద లెక్క. బంధం అక్కడితో తెగుతుంది, భర్త తనంతట తాను వెనక్కి తీసుకోవడానికి వీలుండదు. అయితే ఇద్దరికీ ఇష్టమైతే కొత్త మెహర్‌తో, సాక్షుల ముందు కొత్తగా నిఖా చదివించుకోవచ్చు. మధ్యలో ఇంకో పెళ్ళి అక్కర్లేదు. ఆ షరతు మూడు తలాక్‌లూ పూర్తయినవాళ్ళకి, ఖురాన్‌లో అల్-బఖరా సూరా 230వ ఆయత్‌లో ఉంది. అది కూడా ఆమె తన బతుకు తాను చూసుకుని నిజంగా ఇంకో కాపురం చేసి, అది సహజంగా ముగిస్తే అన్న మాట. ముందే మాట్లాడుకుని ఒక రాత్రికి పెళ్ళి చేసి వదిలించేవాణ్ణి, చేయించుకునేవాణ్ణి ఇద్దర్నీ ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) శపించారని హదీసుల్లో ఉంది. మీ పక్కింటి ఆవిడకి ఎవరైనా నెమ్మదిగా ఈ మాట చెప్పాలి. ఆ ఒక్క అపోహ వల్ల ఎంతమంది ఆడపిల్లలు భయపడి ఆగిపోతున్నారో.

ఒక్క పని మాత్రం తప్పకుండా చెయ్యండి. ఖులా కాగితం తీసి అక్షరం అక్షరం చదవండి. కొన్నిచోట్ల ఖులానామా రాసేటప్పుడు "మెహర్‌కి బదులుగా మూడు తలాక్‌లు ఇచ్చాను" అని భర్త చేత రాయించి సంతకం పెట్టిస్తారు, ఎందుకు రాస్తున్నారో రాసేవాళ్ళకే తెలియదు. అలా ఉంటే హనఫీ ఉలమా మూడూ పడ్డాయంటారు, అహ్లె హదీస్ అనే ఇంకో వర్గం వాళ్ళు ఒకేసారి ఎన్ని అన్నా ఒకటేనంటారు. కాబట్టి ఆ కాగితం చేత్తో పట్టుకుని వెళ్ళి మీరు నమ్మే ముఫ్తీ సాబ్‌కి చూపించండి, నోటి మాటగా అడగొద్దు. ఉత్త ఖులా అనే ఉంటే దారి తెరిచే ఉంది. ఇంకోటి, కొత్త నిఖా అయినంత మాత్రాన పాత లెక్క చెరిగిపోదు. ఒకటి అయిపోయింది కాబట్టి ఇక ఆయన చేతిలో మిగిలినవి రెండే, జీవితాంతం. ఆయనకీ ఆ సంగతి తెలిసి ఉండాలి.

ఇక మీ భాయ్ గురించి. బుఖారీ హదీసు గ్రంథంలో ఒక సంఘటన ఉంది, మఖిల్ బిన్ యసార్ అనే సహాబీది (ప్రవక్త సహచరుడిది). తన చెల్లెల్ని ఒకాయనకి ఇచ్చి చేశారు. ఆయన తలాక్ ఇచ్చేశాడు, ఇద్దత్ (తలాక్ తరువాత ఆడవాళ్ళు మళ్ళీ పెళ్ళాడకుండా ఆగాల్సిన గడువు) గడిచిపోయింది. తరువాత అదే మనిషి వచ్చి మళ్ళీ పిల్లనడిగాడు. మఖిల్‌కి ఒళ్ళు మండింది. నీకు పెళ్ళి చేసి నిన్ను గౌరవిస్తే వదిలేశావు, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వచ్చావు, ఇక ఎప్పటికీ ఇవ్వను అన్నారు. ఆ మనిషి చెడ్డవాడు కాదు, ఆ అమ్మాయికి కూడా అతని దగ్గరికి వెళ్ళాలనే ఉంది. అప్పుడు దిగింది అల్-బఖరా 232వ ఆయత్. ఇద్దత్ అయిపోయిన ఆడవాళ్ళు తమ భర్తల్ని మళ్ళీ పెళ్ళాడాలనుకుంటే, ఇద్దరూ మర్యాదగా ఒక మాట మీదికి వస్తే, అడ్డుపడవద్దని. అది విని మఖిల్ తన పంతం వదిలేసి తానే దగ్గరుండి పెళ్ళి చేశారు. మీ అన్న కోపం పద్నాలుగు వందల ఏళ్ళ కిందట ఒక సహాబీకి వచ్చిన కోపమే, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఆ కోపానికి జవాబు కూడా అప్పుడే వచ్చేసింది. ఈ ఆయత్ మీరు చెబితే వాదించినట్టు ఉంటుంది, మీ మసీదు ఇమామ్ సాబ్ చేత చెప్పించండి.

గాజువాక_ఆపా

చెల్లీ, పై భాయ్ చెప్పినది పూర్తిగా నిజం. కుదురుతుంది. కుదురుతుంది కదా అని చెయ్యాలని లేదు, అది చెప్పడానికే రాస్తున్నాను.

నా విషయంలో కూడా మా ఆయన తిరిగి వచ్చి అడిగారు. ఏడ్చారు, మా నాన్నగారి కాళ్ళు పట్టుకున్నారు, ఇద్దరు పిల్లల్ని చూపించారు. నేను వద్దన్నాను. అందరూ రాయి గుండె అన్నారు. అప్పట్లో నాకు బలం ఇచ్చింది బరీరా సంగతి, అది కూడా బుఖారీలోనే ఉంది. బానిసత్వం నుంచి విడుదలయ్యాక ఆమెకి భర్తతో ఉండాలా వద్దా అని ఎంచుకునే హక్కు వచ్చింది, ఆమె వద్దనుకుంది. ఆ భర్త ముఘీస్ మదీనా వీధుల్లో ఆమె వెనకాలే గడ్డం తడిసేలా ఏడుస్తూ తిరిగేవాడట. ప్రవక్తే (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా ఆమెని అడిగారు, అతని దగ్గరికి తిరిగి వెళ్ళకూడదా అని. ఇది మీ ఆజ్ఞా అని ఆమె అడిగింది. కాదు, మధ్యవర్తిగా అడుగుతున్నానంతే అన్నారు. అయితే నాకు అతనితో అవసరం లేదు అంది. అంత పెద్ద మనిషి అడిగినా వద్దనే హక్కు ఆడదానికి ఉంది, ఎవరూ ఆమెని తప్పు పట్టలేదు. మగవాడి కన్నీళ్ళు చూసి మనం కరిగిపోవాలని ఎక్కడా రాసి లేదు చెల్లీ.

మీ ఆయన ఏడవలేదు, కాళ్ళు పట్టుకోలేదు, వార్డులో కూర్చుని వెళ్ళిపోయారు. మీరు రాసిన దాంట్లో నాకు నచ్చింది అదే. ఇంకోటి, "ఇష్టం లేకపోతే పాప కోసం ఇలాగే వస్తాను" అన్న మాట. మా ఆయన నేను వద్దన్న నెల నుంచే పిల్లల్ని చూడ్డం మానేశారు, అంటే ఆ రాకపోకలన్నీ నా కోసం వేసిన ఎర అని అప్పుడు తెలిసింది. మీరు ఒక ఆరు నెలలు ఏ జవాబూ చెప్పకండి. ఆదివారాలు అలాగే నడుస్తాయో లేదో చూడండి.

ఈలోపు అసలు విషయాలు అడగండి. మీరు విడిపోయింది ఆయన చెడ్డవాడని కాదు. వాళ్ళమ్మ ఇంట్లో ఉండడం, డబ్బు వాళ్ళమ్మ చేతిలో ఉండడం, మీ మాటకి బరువు లేకపోవడం, ఈ మూడూ. ఇప్పుడు ఏ ఇంట్లో పెడతారు? వన్‌టౌన్ ఇల్లే అయితే ముంత మసాలా పొట్లాలు నాలుగు రోజులు వస్తాయి, ఐదో రోజు మళ్ళీ అదే వంటింట్లో మీరు. అత్తగారు ఇంకా ఉన్నారా? మిమ్మల్ని ఇంటికి రమ్మని ఆవిడ నోటితో అన్నారా? మీ ఉద్యోగం గురించి ఏమన్నారు? ప్రేమ ఉందని నాకు అర్థమవుతోంది, దాన్ని తక్కువ చెయ్యట్లేదు, మొదటిసారి కూడా ఎంతో కొంత ఉండే ఉంటుంది కదా.

మూడో_తరగతి_టీచర్

ఒక్క మాట. పాపకి ఇప్పుడే ఏమీ చెప్పొద్దు. నిఖా తేదీ ఖాయమయ్యే దాకా "అబ్బా మనింటికి వచ్చేస్తారు" అనే ఆశ పెట్టొద్దు. నా క్లాసులో ఇలాంటి పిల్లలు ఉన్నారు, పెద్దవాళ్ళు మనసు మార్చుకుంటే తమ వల్లే అనుకుంటారు. పాపని అడిగి నిర్ణయం తీసుకోవడం కూడా వద్దు, ఏడేళ్ళ పిల్ల మీద అంత బరువు పెట్టకూడదు.

స్టీల్‌ప్లాంట్_నైట్‌షిఫ్ట్

మీ భాయ్ లాంటి అన్ననే నేను. మా చెల్లెలు కూడా ఇలాగే ఇంటికి వచ్చింది. అందుకే అతని తరపున నాలుగు ముక్కలు రాస్తాను, ఎందుకంటే ఇక్కడ అతను విలన్ అయిపోయేలా ఉన్నాడు.

సామాను ఆటోలో వేసుకొచ్చిన రోజు అతను ఏం చూశాడో మీకు తెలియదు. మీరు లోపల ఏడుస్తున్నారు, బయట ఆటో వాడికి డబ్బులిచ్చింది అతను, వీధిలో "ఏమైంది, ఏమైంది" అన్నవాళ్ళకి జవాబు చెప్పుకుంది అతను, పెద్దల ముందు వాళ్ళ మాటలు పడింది అతను. నాకైతే మా బావ అన్న ఒక మాట ఇన్నేళ్ళయినా చెవిలో అలాగే ఉంది, చెల్లెలు ఎప్పుడో మరిచిపోయింది. మీ ఇద్దరికీ ఆదివారం ఆదివారం కలిసి మాట్లాడుకుని పాత గాయం మానడానికి రెండేళ్ళు దొరికింది. అతనికి ఆ రెండేళ్ళు లేవు. అతని లెక్కలో ఆ మనిషి ఇంకా ఫోన్‌లో "సర్దుకో" అన్న దగ్గరే ఆగిపోయి ఉన్నాడు.

ఆయత్ చెప్పించమన్నారు పై భాయ్, మంచిదే. కానీ దానికంటే ముందు ఆ మనిషిని మీ అన్న దగ్గరికి ఒంటరిగా పంపండి. ఖాలా వద్దు, పెద్దలు వద్దు, స్వీట్లు వద్దు. వచ్చి "ఆ రోజు సామాను ఆటోలో వెళ్ళేటప్పుడు నేను రాలేదు" అని మీ అన్న మొహం చూసి చెప్పమనండి. మీ దగ్గర చెప్పుకున్నది సరిపోదు. అతను తిట్టనీ, వినమనండి. ఆస్పత్రిలో రాత్రుళ్ళు కూర్చున్న సంగతి మీ అన్నకి తెలుసా? తెలియకపోతే మీరు చెప్పకండి, మీ నాన్నగారు చెబితే ఎంతో బాగుంటుంది. ఆయన ఏమీ అనడం లేదన్నారు కదా, ఆయన్ని అడిగారా మరి?

సాగరతీరం

అందరికీ జజాకల్లా ఖైర్. పూర్ణా మార్కెట్ భాయ్ రాసింది చదివి చాలాసేపు ఏడ్చాను, ఆ భయం పోయినందుకు. కాగితం తీసి చూశాను, "మెహర్ మాఫీకి బదులుగా ఖులా" అని మాత్రమే ఉంది, మూడు అనే మాట ఎక్కడా లేదు. అయినా ముఫ్తీ సాబ్‌కి చూపిస్తాను.

ఆపా, మీరు అడిగినవన్నీ ఆయన్ని అడిగాను, ఫోన్‌లో కాకుండా, పాప పక్కన లేనప్పుడు. అత్త ఉన్నారు, తమ్ముడి దగ్గర ఉంటున్నారు. వన్‌టౌన్ ఇంటికి తీసుకెళ్ళనన్నారు, షాపుకి దగ్గరగా అద్దె ఇల్లు చూస్తానన్నారు. నేను మాత్రం నా ల్యాబ్‌కి, పాప స్కూలుకి దగ్గరగా ఉండాలన్నాను. కొంచెం ఆలోచించి సరే అన్నారు. ఇదివరకు అయితే "అమ్మీని అడిగి చెబుతా" అనేవారు. ఉద్యోగం గురించి అడిగితే "నీ ఉద్యోగం నన్నడుగుతావేంటి" అన్నారు. అత్త నన్ను రమ్మనలేదు. వద్దని కూడా అనలేదట. నాకు ఆవిడ మీద ప్రేమ రాదు, రావాలని ఎవరూ అడగకపోతే చాలు.

ఆరు నెలలు ఆగమన్నది మాత్రం కష్టంగా ఉంది ఆపా. కానీ ఆగుతాను. వచ్చే రంజాన్ దాకా.

స్టీల్‌ప్లాంట్ భాయ్, మీ ముక్కలు చదివాక నాకు నోట మాట రాలేదు. ఆటో డబ్బులు, వీధిలో వాళ్ళు, ఇవేవీ భాయ్ నాకు ఎప్పుడూ చెప్పలేదు. అబ్బాని కూడా నేను అడగలేదు, ఆపరేషన్ తరువాత టెన్షన్ పెట్టకూడదని.

వకీలు_గారి_గుమాస్తా

కాగితాల సంగతి నేను చెబుతాను, మనసుల సంగతి పై వాళ్ళు చెప్పేశారు. చట్టం దృష్టిలో మీది రెండో పెళ్ళే, మొదటిదానికి కొనసాగింపు కాదు. పాత నిఖానామా పట్టుకుని "మళ్ళీ కలిసిపోయాం" అంటే కుదరదు. కొత్త నిఖానామా, కొత్త తేదీ, కొత్త మెహర్, సాక్షుల సంతకాలు, ఖాజీ దగ్గర రిజిస్టరులో నమోదు. మన రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం ఏ మతం వాళ్ళ పెళ్ళయినా రిజిస్టర్ చేయించాలి, బద్ధకించకుండా చేయించండి. రేపు పాప పాస్‌పోర్టుకో, బ్యాంకులో నామినీకో, ఆస్తి విషయంలోనో అదే అక్కరకొస్తుంది. ఖులా కాగితం అసలు ప్రతి జాగ్రత్తగా దాచండి, మధ్యలో మీరు విడిగా ఉన్నారనడానికి అదే రుజువు. పెద్దల ముందే అయిందా, ఫ్యామిలీ కోర్టులో డిక్లరేషన్ కూడా తీసుకున్నారా? తీసుకుని ఉంటే ఆ కాపీ కూడా జత చెయ్యాలి.

అసలు చెప్పాలనుకున్నది ఇది. నిఖానామా అంటే ఒప్పందం, అందులో షరతులు రాసుకోవచ్చు. మనవాళ్ళు అచ్చు ఫారంలో పేర్లు, మెహర్ అంకె నింపి సంతకం పెట్టేస్తారు, మిగతా గళ్ళు ఖాళీ. మీరు రాయించండి. విడిగా కాపురం పెడతారని, మీ ఉద్యోగం, మీ జీతం మీదేనని, ఇంటి ఖర్చు నేరుగా మీ ఖాతాకే రావాలని. అలాగే తఫ్వీజ్-ఎ-తలాక్ అని ఉంది, అంటే ఫలానా షరతులు తప్పితే తనను తాను విడిపించుకునే అధికారం భర్త భార్యకి ముందే రాసి ఇవ్వడం. హనఫీ పద్ధతిలో చెల్లుతుంది, మన కోర్టులు కూడా ఎప్పటినుంచో ఒప్పుకుంటున్నాయి. అది రాసి ఉంటే మళ్ళీ మెహర్ వదులుకుని ఖులా అడగాల్సిన పని ఉండదు. అపశకునంగా అనుకోకండి, ఆయన కూడా అనుకోకూడదు. ఒకసారి చేతులు కాలినవాళ్ళు అడిగితే ఎవరూ కాదనరు.

మెహర్ కూడా ఈసారి అప్పటికప్పుడు ఇచ్చేలా రాయించండి. "తరువాత ఇస్తాను" అన్న మెహర్ ఎన్ని ఇళ్ళలో అలాగే ఉండిపోయిందో మా ఆఫీసుకి వచ్చే ఫైళ్ళు చూస్తే తెలుస్తుంది. పోయినసారి మీరు వదులుకున్నదానికి తక్కువ కాకుండా అడగండి.

ఎవరైనా 2019 చట్టం పేరు చెప్పి భయపెడితే దానికీ మీకూ సంబంధం లేదు. అది ఒక్కసారిగా మూడు తలాక్‌లు చెప్పి వదిలేసే భర్తల గురించి. సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో ఆ పద్ధతిని కొట్టేసింది, తరువాత ఈ చట్టంతో అది మూడేళ్ళ దాకా జైలు పడే నేరం అయింది. ఖులాని, మళ్ళీ నిఖాని అది ముట్టుకోదు.

గాజువాక_ఆపా

గుమాస్తా గారు చెప్పింది పది మంది ఆడపిల్లలకి చూపించాలి. చెల్లీ, షరతుల కాగితం మీరే తెల్ల కాగితం మీద రాసి ఆయన చేతికి ఇవ్వండి, వకీలు చేత కాదు. చదివేటప్పుడు ఆయన మొహం చూడండి. నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి, కాసేపే. సాయంత్రానికి "మా వాళ్ళు ఏమంటారో" అని వస్తే మాత్రం అక్కడే ఆపెయ్యండి. ఇంకో సంగతి, దుపట్టా గురించి ఈ వయసులో అని రాశారు. 33 ఒక వయసా? బీబీ ఖదీజా (రజియల్లాహు అన్హా) వితంతువై, వ్యాపారం చేసుకుంటూ, తానే కబురు పంపి ప్రవక్తని పెళ్ళాడారు. మీకు ఇష్టముంటే సిగ్గుపడకండి.

సాగరతీరం

కొన్ని వారాల తరువాత రాస్తున్నాను, అడిగినవాళ్ళకి చెప్పాలి కదా.

ముఫ్తీ సాబ్ కాగితం చూసి ఒకటే బాయిన్, కొత్త నిఖా చాలు అన్నారు, రాసి ఇచ్చారు. అబ్బాని అడిగాను. ఆయన ఆస్పత్రి సంగతి భాయ్‌కి అప్పుడే చెప్పారట, భాయ్ నమ్మలేదట, మందుల మత్తులో ఎవరినో చూసి పొరబడ్డారనుకున్నాడట. ఈసారి అబ్బా కూర్చోబెట్టి మళ్ళీ చెప్పారు. అమ్మీ గురువారం దర్గా కొండ మీద ఇస్‌హాఖ్ మదనీ బాబా దగ్గరికి వెళ్ళి దువా చేసి వచ్చింది. ఏం కోరుకుందో చెప్పలేదు, వచ్చాక పిన్నికి ఫోన్ చేసి "దాని ఇష్టం" అంటుంటే విన్నాను.

షరతులు నేనే రాసి ఇచ్చాను, తఫ్వీజ్ కూడా. చదివారు. తఫ్వీజ్ దగ్గర ఆగి, ఇది ఏంటని అడిగారు, చెప్పాను. కొంచెంసేపు మొహం చిన్నబోయింది. తరువాత పెన్ను అడిగి తీసుకుని, కింద ఇంకో వాక్యం ఆయనే చేర్చారు, పాప చదువు ఖర్చు మేము కలిసున్నా లేకపోయినా ఆయనదేనని. నేను అడగలేదు అది.

భాయ్ దగ్గరికి ఒంటరిగా వెళ్ళారు. భాయ్ ఇంట్లోకి రానివ్వలేదు, కింద బైక్ దగ్గరే నిలబెట్టి మాట్లాడాడు, గంట పైనే. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ నాకు చెప్పట్లేదు. సరే అనలేదు ఇంకా. కానీ నిన్న రాత్రి నన్ను పిలిచి, "అద్దె ఇల్లు చూసేటప్పుడు నన్ను తీసుకెళ్ళు, నీళ్ళు, కరెంటు ఆ మనిషికేం తెలుస్తాయి" అన్నాడు. ఆదివారం సీతమ్మధారలో ఒక ఇల్లు చూడ్డానికి వెళ్తున్నాం, నేను, భాయ్. ఆయన్ని కూడా రమ్మందామా అంటే భాయ్ ఏమీ మాట్లాడలేదు. వద్దని మాత్రం అనలేదు.